ఎండాకాలం కూడా మాదే

సౌదీ అంటే ఎడారి, ఎండ అనుకునే మా ఊరివాళ్లకి అభా గురించి చెబితే నమ్మరు. ఇక్కడ మబ్బు కిటికీలోంచి ఇంట్లోకి వస్తుంది. జూన్‌లో కూడా పొద్దున్నే స్వెట్టర్ వేసుకుని డ్యూటీకి వెళ్తాం. అందుకే మిగతా ఊళ్లన్నీ మాడిపోతున్నప్పుడు రియాద్ నుంచి, జిద్దా నుంచి, కువైట్ నుంచి కూడా జనం పిల్లాపాపలతో కార్లెక్కి ఈ కొండ మీదికి వచ్చేస్తారు. బడులకి సెలవులిచ్చిన దగ్గర్నుంచి మళ్లీ తెరిచేదాకా అభాలో ఖాళీ గది అంటూ ఉండదు. ఆ కొద్ది నెలలూ ఫ్లాటుని రోజువారీ అద్దెకిస్తే, మాలాంటివాళ్లు ఏడాదంతా కట్టేదానికంటే ఎక్కువే వస్తుంది ఇంటివాళ్లకి.

కుటుంబంతో ఇల్లు తీసుకున్న మొదటి ఏడు మాకు ఆ సంగతి తెలీదు.

నేను ఇక్కడ గవర్నమెంటు ఆసుపత్రిలో నర్సుని. మాది భీమవరం దగ్గర. మా ఆయన చెరువులు లీజుకి తీసుకుని రొయ్యలు వేసేవారు. వరసగా రెండు పంటలు తెల్లమచ్చ తెగులుకి పోయాయి. పట్టుబడి రోజున వలలో చచ్చిన రొయ్యలే వచ్చాయి. మేత కొట్టు బాకీ, లీజు బాకీ, వడ్డీకి తెచ్చినవి, అన్నీ ఒకేసారి మీద పడ్డాయి. చెరువుల్లో గాలి కొట్టే ఏరేటర్లు అమ్మేశాం. ఉంటున్న అద్దె ఇల్లు వదిలేసి ఒక గది పోర్షన్లోకి మారాం, అక్కణ్ణుంచి ఇంకో గదికి. అప్పుడే నేను సౌదీ నర్సు ఉద్యోగాల పరీక్ష రాసి ఇక్కడికి వచ్చాను. వచ్చిన జీతంలో సగం పైన అప్పులకి పంపేదాన్ని. ఏడాదిన్నరకి ఆయన్నీ, పాపనీ తెచ్చుకున్నాను. అప్పటికి పాపకి అయిదేళ్లు.

ఈ దేశంలో ఉండనిచ్చే కార్డుని ఇకామా అంటారు. ఇద్దరూ నా ఇకామా మీదే ఉన్నారు. అంటే కాగితాల ప్రకారం ఇక్కడ ఇంటిపెద్దని నేను. వాళ్లిద్దరి తలల మీద నెలనెలా ఫీజు కట్టాలి. మా ఆయన ఉద్యోగం చెయ్యడానికి లేదు. ఎకరాల చెరువులు చూసిన మనిషి, ఎనిమిదిమంది కూలీలకి పని చెప్పిన మనిషి, పొద్దున్నే లేచి పాపకి జడ వేసి, బాక్సు కట్టి, స్కూలు బస్సెక్కించేవారు. ఆయన నోటి వెంట ఒక్కనాడు కూడా "నా ఖర్మ" అన్న మాట రాలేదు. నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి పప్పుచారు వాసన మెట్ల దగ్గరికే వచ్చేది.

ఆసుపత్రి హాస్టల్లో ఒంటరి నర్సులకే చోటు. కుటుంబం ఉంటే బయట అద్దెకి తీసుకోవాలి. మేం రెండో అంతస్తులో ఒక ఫ్లాటు తీసుకున్నాం. పాపకి మంచం కొన్నాం. ఊళ్లో ఎన్ని గదులు మారినా దానికంటూ మంచం ఉండేది కాదు, అందుకని ముందు అదే కొన్నాం. మే నెలలో ఒక సాయంత్రం ఇంటాయన ఫోన్ చేశాడు.

"సిస్టర్, సెలవులు వస్తున్నాయి. వారంలో ఇల్లు ఖాళీ చెయ్యండి. బడులు తెరిచాక మళ్లీ ఇస్తాను."

ఏదో మరమ్మత్తు కాబోలు అనుకున్నాను. "ఏం రిపేరు?" అని అడిగాను.

"రిపేరు కాదు, సీజను," అన్నాడు. మంచి మనిషే. కోపంగా చెప్పలేదు. వాన పడుతుంది, గొడుగు పట్టుకెళ్లు అన్నంత మామూలుగా చెప్పాడు. కాగితం తీసి చూస్తే మా కాంట్రాక్టు సరిగ్గా మే నెలాఖరుకి అయిపోతుంది. ఆ వారం ఊరంతా తిరిగాం. ఖాళీలు లేక కాదు, ఉన్నవాటి అద్దె రోజుల లెక్కన చెప్పారు. అది మేం కట్టగలిగేది కాదు.

చివరికి పాపా నేనూ హాస్టల్‌కి వెళ్లాం. గుడివాడవైపు అక్క ఒకావిడ నాకు సీనియర్, తన గదిలో నేల మీద పరుపు వేసింది. "పిల్లని పెట్టుకుని ఎక్కడ తిరుగుతావు, వచ్చెయ్," అంది. హాస్టల్ చూసే పెద్దావిడ ఈజిప్టు మనిషి. పాప ఎదురైనప్పుడల్లా తల ఇంకోవైపు తిప్పుకునేది. కనపడకపోతే అడగక్కర్లేదు కదా. మా సామాను ఇద్దరు ముగ్గురి గదుల్లో సర్దాం. మంచం మాత్రం విప్పి, గుడివాడ అక్క మంచం కింద పెట్టాం.

మా ఆయనకి చోటిచ్చింది జగిత్యాల మేస్త్రి. అంతకు రెండు నెలల ముందు కూరగాయల మార్కెట్లో ఎవరో ఫోన్లో తెలుగు మాట్లాడుతుంటే విని, ఈయనే వెళ్లి పలకరించారట. వాళ్లు ముగ్గురు. మేస్త్రి, ఒక ప్లంబరు, ఒక కరెంటు పనివాడు. ముగ్గురూ జగిత్యాల చుట్టుపక్కల వాళ్లే. ఒకే కంపెనీ, ఒకే గది. సంగతి తెలిసి మేస్త్రి అన్నాడట, "అన్నా, నాలుగో పక్క వెయ్యనీకి జాగ ఉన్నది. నువ్వు పరేషాన్ కాకు."

అలా ఒకే ఊళ్లో ఉండి ముగ్గురం రెండుచోట్ల కాపురం చేశాం. సాయంత్రాలు పార్కులో కలుసుకునేవాళ్లం. ఆయన ఆ గదిలో వండి డబ్బాల్లో తెచ్చేవారు. గడ్డి మీద చాప వేసుకుని తినేవాళ్లం. చుట్టూ టూరిస్టులే, తివాచీలు పరుచుకుని, కాఫీ ఫ్లాస్కులు పెట్టుకుని. ఒకరోజు పక్క తివాచీ మీద ఉన్నావిడ పాపకి ఖర్జూరాలిచ్చి, నన్ను అడిగింది, "మీరే హోటల్లో దిగారు?"

నేను చెప్పాను, "మేం దిగలేదమ్మా. మేం ఇక్కడివాళ్లమే."

అలా ఎందుకన్నానో తెలీదు. ఇక్కడ మాకంటూ తలుపు కూడా లేదప్పుడు. కానీ అన్నాక అది నిజమే అనిపించింది. ఈ ఊళ్లో ఎంతమంది పిల్లలు పుడుతుంటే నేను చేతుల్లోకి తీసుకున్నాను. చుట్టూ కూర్చున్నవాళ్లు సెలవులకొచ్చినవాళ్లు. నేను పనికొచ్చినదాన్ని. నడుం నిటారుగా పెట్టుకుని కూర్చున్నాను.

బడులు తెరిచాక ఇంటాయన మళ్లీ పిలిచాడు. అదే ఫ్లాటు. గోడల మీద ఎవరివో పిల్లల గీతలు, వంటగదిలో విరిగిన కుళాయి. అద్దె కొంచెం పెంచాడు. వేరే దారి లేక చేరాం. పాప మంచం మళ్లీ బిగించాం. ఆ రోజే మా ఆయనతో చెప్పాను.

"వచ్చే ఏడు ఇలా వెళ్లేది లేదండి. ఏడాది పొడుగునా ఉండనిచ్చే ఇల్లు చూద్దాం. ఎలా ఉన్నా సరే."

"ఎలా ఉన్నా అంటే?"

"పైన కప్పు ఉంటే చాలు."

ఆ మాట ఆయన మేస్త్రితో అన్నట్టున్నారు. శీతాకాలం వెళ్తుండగా ఒక శుక్రవారం మేస్త్రి మా ఇంటికొచ్చాడు. టీ తాగుతూ చెప్పాడు, "అక్కా, ఊరి బయట కొండ దిక్కు ఒక ఇల్లు చూసిన. ప్రహరీ పనికి పోతే కనవడ్డది. పాతదే. కప్పు ఖరాబైంది గని, గోడలైతే గట్టిగున్నయి. నువ్వొకసారి చూడు. నచ్చకుంటే వాపస్ వద్దాం."

వెళ్లాం. మంచు పట్టేసి ముందు ఏమీ కనపడలేదు. దగ్గరికెళ్లాక, ఒక కొత్త సిమెంటు ఇంటి పక్కన, రాయీ మట్టీ కలిపి కట్టిన పాత ఇల్లు. గోడల్లోంచి పలకరాళ్లు వరసలు వరసలుగా బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి. వానకి మట్టి కరగకుండా నీళ్లని అవి దూరంగా విసిరేస్తాయట. లోపల పశువుల మేత మోపులు, విరిగిన కుర్చీలు, పావురాల రెట్టలు. కప్పు ఒక మూల కూలి ఆకాశం కనిపిస్తోంది. మేం తలుపు తీసేసరికి అందులోంచి రెండు కోతులు బయటికి దూకి పోయాయి.

ముందుగదిలో మా ఆయన ఫోను లైటు వేశారు. గోడ నడుం ఎత్తున ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ. త్రికోణాలు, గళ్లు, గీతలు, ముగ్గు పెట్టినట్టు గది చుట్టూ పట్టీగా తిరిగాయి. దుమ్ము పట్టినా రంగులు పోలేదు. పాప వేలితో ఒక గీత తుడిచి, "అమ్మా, ఎవరేశారు?" అంది.

వేసినావిడ వెనకే ఉంది. ఇంటి యజమాని రిటైరైన స్కూలు మాస్టారు. ఆయన తల్లి అలికిడి విని కర్ర పోటేసుకుని వచ్చింది. ఎనభై పైనే ఉంటాయి. కొత్త కోడలిగా వచ్చినప్పుడు తనూ, తోటికోడళ్లూ కలిసి వేశారట ఆ రంగులు. ఆమెని ఖాలా అని పిలిచాను. మనం పిన్నిగారూ అన్నట్టు.

మాస్టారితో బేరం నేనే మాట్లాడాను. నా అరబిక్ వార్డులో నేర్చుకున్నది. నొప్పి ఎక్కడ, ఎప్పటినుంచి, ఊపిరి పీల్చు, వదులు. వ్యాకరణం ఉండదు, కానీ తడబాటూ ఉండదు.

"ఇది మనుషులుండే ఇల్లు కాదు, సిస్టర్," అన్నాడాయన.

"మనుషులుండేలా మేం చేస్తాం. సామాను మీరు కొనండి. పని మాది. అద్దె తక్కువ పెట్టండి. అయిదేళ్లు ఉంటాం."

ఆయన గడ్డం నిమురుకున్నాడు. "అయిదేళ్లా?"

"అయిదేళ్లు. ఎండాకాలం కూడా మాదే."

ఆయన నవ్వాడు. "ఈ ఇంటికి ఏ టూరిస్టు వస్తాడు? తీసుకో, ఎండాకాలం కూడా నీదే."

"అదే మాట కాగితం మీద కూడా రాద్దాం," అన్నాను. మా ఆయన నా మోచెయ్యి మెల్లగా లాగారు, పెద్దమనిషి నొచ్చుకుంటాడేమోనని. మాస్టారు నొచ్చుకోలేదు. పాఠం సరిగ్గా అప్పజెప్పిన పిల్లని చూసినట్టు చూశాడు.

అప్పట్నుంచి మూడు నెలలు మా ఆయనకి పండగే. నా మాట నమ్మండి, ఊళ్లో చెరువులు పోయాక ఆయన కళ్లలో మళ్లీ ఆ వెలుగు చూసింది అప్పుడే. పాపని బస్సెక్కించి, ఆ ఇంటికి నడిచి వెళ్లేవారు. మేత మోపులు మోశారు, రెట్టలు గోకారు. ముగ్గురు జగిత్యాలవాళ్లూ శుక్రవారం శుక్రవారం వచ్చేవాళ్లు. కుళ్లిన దూలాలు రెండు తీసి, మాస్టారు తెప్పించిన కొత్త దూలాలెక్కించారు. వాటి మీద కొమ్మలు, కొమ్మల మీద మట్టి. మట్టిలో గడ్డి కలిపి కాళ్లతో తొక్కాలి. ఆ పని మాత్రం మా ఆయనదే. చెరువు గట్లకి బంకమట్టి తొక్కించిన మనిషి. ఎంత నీళ్లు పోస్తే ముద్ద పగలకుండా ఉంటుందో అరికాలుకే తెలుసు. పాప కూడా పైజమా మోకాళ్లదాకా మడిచి ఆయన పక్కన తొక్కేది.

ఖాలా రోజూ కుర్చీ వేయించుకుని కూర్చునేది. పనంతా ఆమె కళ్ల ముందే జరగాలి. ఒకరోజు మేస్త్రి బయట గోడకి సిమెంటు పూత వేద్దామని సంచీ విప్పుతుంటే కర్ర ఎత్తి అడ్డం పెట్టింది. ఏదో గట్టిగా చెప్పింది. కొండవాళ్ల అరబిక్, నాకే సగం అర్థం కాలేదు. మేస్త్రికి అరబిక్ అసలు రాదు. ఆమె గోడ మీద అరచెయ్యి పెట్టి, ముక్కు దగ్గర పెట్టుకుని, గట్టిగా ఊపిరి పీల్చి వదిలి చూపించింది.

మేస్త్రి సంచీ మూతి కట్టేశాడు. "గోడకు గాలి ఆడాలంటుంది అక్కా. ముసలవ్వ చెప్పేది కరెక్టే. మా నాయిన గిట్లనే అంటుండె, మట్టి గోడకు మట్టే మందు అని." కప్పు మట్టి కింద ప్లాస్టిక్ షీటు వెయ్యడానికి మాత్రం ఆమెని ఒప్పించాడు. ఎలాగో నాకు తెలీదు. ఇద్దరూ చేతులతోనే మాట్లాడుకున్నారు.

శుక్రవారం వంట నాది. కోడికూర, చారు చేసి గిన్నెలతో పట్టుకెళ్లేదాన్ని. "అక్కా, మీ కారం గిట్ల తింటే మల్ల వారం దాకా మంట పోదు," అని ప్లంబరు గ్లాసెడు నీళ్లు తాగేవాడు. తర్వాత్తర్వాత అతనే చింతపండు పిసికి, ఉల్లిపాయలు తరిగి పచ్చిపులుసు కలిపేవాడు. నా కోడికూర, అతని పచ్చిపులుసు, ఖాలా పంపిన రొట్టె. కూలి గురించి ఎత్తితే మేస్త్రి వినేవాడు కాదు.

"పైసల ముచ్చట పక్కకు పెట్టు అక్కా. దినాం సిమెంటు డబ్బాలే కడ్తం, ఒకదాని లెక్కనే ఇంకొకటి. గిసొంటి పని మల్ల దొరుకుతదా?"

అతను మర్యాదకి అనలేదు. పలకరాయి గోడలోకి ఎక్కించి, వెనక్కి నడిచి, తల వాల్చి ఒక కన్ను మూసి చూసుకునేవాడు. వంకర ఉంటే తీసి మళ్లీ పెట్టేవాడు, ఎవరూ చెప్పకుండానే.

మే నెల చివర్లో ఫ్లాటు తాళం ఇంటాయనకి నేనే తీసుకెళ్లి ఇచ్చాను. "బడులు తెరిచాక రండి," అన్నాడు. "రాము. మాకు ఇల్లుంది," అన్నాను. ఆ రెండు మాటలు చెప్పడం నాకెంత బాగుందో ఆయనకి తెలియదు.

చేరిన నెలకే వడగళ్ల వాన వచ్చింది. కప్పు మీద గులకరాళ్లు పోస్తున్నంత చప్పుడు. మేం ముగ్గురం ముందుగదిలో నిలబడి పైకి చూస్తూ ఉండిపోయాం. పడమటి మూల ఒక్కచోట కారింది. అంతే. మా ఆయన వాన వెలిసీ వెలవకముందే నిచ్చెనెక్కి, నీళ్లు ఎటు నిలుస్తున్నాయో చూసి, మట్టి చెక్కి వాలు సరిచేశారు. ఆ తర్వాత ఆ మూల మళ్లీ కారలేదు.

ఆ ఇంట్లో పాప పెరిగింది. ఖాలాకి పాప, పాపకి ఖాలా. పాప అరబిక్ నాకంటే మేలు, అదీ కొండవాళ్ల యాసలో. గోడ మీద రంగులు చెదిరినచోట ఖాలా చెబుతుంటే పాప వేసింది. ఖాలా చూపు మందగించింది, చెయ్యి వణుకుతుంది. "ఎరుపు పక్కన నలుపు గీత. ఇంకా సన్నంగా," అని చెప్పడం ఒక్కటే ఆమె పని. కిటికీ కింద జానెడు పట్టీ పూర్తిగా పాపదే.

చిక్కు మూడో ఏడు వచ్చింది. మాస్టారి మేనల్లుడు రియాద్ నుంచి సెలవులకి వచ్చాడు. చదువుకున్న కుర్రాడు, మర్యాదస్తుడు. మా ఇల్లు చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. ఫోటోలు తీసుకున్నాడు. ఆ మర్నాడు డ్యూటీ నుంచి వస్తుంటే వాకిట్లో తివాచీ వేసి ఉంది. మాస్టారు, మేనల్లుడు, మా ఆయన కూర్చుని ఉన్నారు. యూనిఫాం మార్చుకోకుండానే కూర్చున్నాను. నాకు కాఫీ పోసి మేనల్లుడు విషయం చెప్పాడు.

"సిస్టర్, ఇలాంటి పాత ఇళ్లలో ఉండటానికి ఇప్పుడు జనం ఎగబడుతున్నారు. దీన్ని టూరిస్టులకి ఇద్దామని మావయ్యకి చెప్పాను. మీకు అన్యాయం చెయ్యను. మీరు పెట్టిన కష్టానికి డబ్బిస్తాను. ఊళ్లో ఫ్లాటు కూడా చూసిపెడతాను."

ఎంతిస్తాడో చెప్పాడు. ఊళ్లో మాకింకా మిగిలిన మేత కొట్టు బాకీకి ఇంచుమించు సరిపోయేంత. నేను మా ఆయన వైపు చూశాను. ఆయన నేల వైపు చూస్తున్నారు. ఆ బాకీ పేరు చెబితే చాలు, ఆయన భుజాలు కిందికి దిగిపోయేవి.

"ఏమంటారండీ?" అని తెలుగులో అడిగాను.

ఆయన తల ఎత్తారు. "అప్పు నాది. ఇల్లు నీ మాట మీద వచ్చింది. నీకేది సబబనిపిస్తే అది చెప్పు. నాకు రెండూ సమ్మతమే."

నాకు ఆలోచించడానికి ఎక్కువసేపు పట్టలేదు. మేత కొట్టు షావుకారు నెలనెలా తీసుకోవడానికి ఎప్పుడో ఒప్పుకున్నాడు, నేను ఒక్క నెల కూడా తప్పలేదు. అది నా జీతంతో తీరుతుంది, కాకపోతే ఇంకో రెండేళ్లు. ఆ డబ్బు తీసుకుంటే ఫ్లాటు, ఫ్లాటు తర్వాత ఇంకో మే నెల, ఇంకో ఫోను. భీమవరంలో మొదలుపెట్టిన మారడం ఎక్కడో ఒకచోట ఆగాలి కదా.

మాస్టారి వైపు తిరిగి చెప్పాను. "అయిదేళ్లన్నారు, ఎండాకాలం కూడా అన్నారు. అందులో రెండేళ్లు పైన ఇంకా ఉన్నాయి. అవి అయిపోయినరోజు మీ ఇల్లు మీకిస్తాను, ఇంతకంటే బాగున్న ఇల్లిస్తాను. అప్పటిదాకా ఇది నా ఇల్లు. డబ్బుకి కదలను."

మాస్టారు కాఫీ గిన్నె కింద పెట్టి మేనల్లుడితో అన్నాడు, "విన్నావుగా. మాట ఇచ్చింది నేను." అని, "నేను ముప్పై ఏళ్లు పిల్లలకి ఇదే చెప్పాను," అన్నాడు.

మేనల్లుడు ముఖం మాడ్చుకోలేదు. కాసేపు గోడ వైపు చూసి, "పోనీ, ఇది కట్టినవాళ్లెవరు?" అని అడిగాడు. కింది ఊళ్లో వాళ్ల తాతగారివి అలాంటివే ఇంకో రెండు ఇళ్లు కూలిపోతున్నాయట.

మా ఆయన అప్పుడు నోరు విప్పారు. కప్పు ఎలా వేశామో, సిమెంటు ఎందుకు వద్దో, నీళ్ల వాలు ఎటుండాలో, హిందీ, అరబిక్, చేతులు అన్నీ కలిపి ఆయన చెబుతుంటే ఆ కుర్రాడు మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు. మేస్త్రివాళ్ల కంపెనీతోనే మాట్లాడి, ఆ రెండు ఇళ్ల పనీ వాళ్లచేత చేయించాడు. ఈసారి జీతమూ, పైన ఓవర్‌టైమూ వచ్చాయి వాళ్లకి. పూర్తయ్యాక వాటిని చూసుకోవడానికి మా ఆయన్ని పెట్టుకుంటానన్నాడు. నా ఇకామా మీద నుంచి ఆయన్ని తన కిందికి మార్చుకోవడానికి చాలా తిరగాల్సి వచ్చింది, ఒకసారి కాగితాలు వెనక్కి కూడా వచ్చాయి. కానీ అయింది. కొత్త ఇకామా కార్డు చేతికొచ్చినరోజు ఆయన దాన్ని జేబులో పెట్టుకుని, మళ్లీ తీసి చూసుకుని, మళ్లీ పెట్టుకున్నారు. నేను చూడనట్టే ఉన్నాను.

మేత కొట్టు బాకీ అనుకున్నదానికంటే ముందే తీరింది. ఆఖరి వాయిదా ఆయన జీతంలోంచే పంపారు. షావుకారు ఫోన్ చేసి, "నువ్వు తీరుస్తావని నేను అనుకోలేదయ్యా, మిగతావాళ్లు ఊరొదిలేశారు," అన్నాడట. "మేం కూడా వదిలామండి. బాకీ వదల్లేదు," అన్నారట ఈయన. ఆ మాట నాతో చెప్పేటప్పుడు ఆయన భుజాలు చూశాను. నిటారుగా ఉన్నాయి.

అయిదేళ్లూ నిరుడు పూర్తయ్యాయి. ఖాలా అంతకు ముందు చలికాలం పోయింది. ఆఖరి నెలల్లో ఆమెకి ఒళ్లు తుడిచి, మందులేసింది నేనే. అది డ్యూటీ కాదు. గడువు దగ్గరపడుతుంటే మాస్టారికి ఫోన్ చేసి ఇల్లు ఎప్పుడు అప్పజెప్పమంటారని అడిగాను. ఆయన ఆ సాయంత్రమే కొత్త కాంట్రాక్టుతో వచ్చాడు. అద్దె కొద్దిగా పెంచాడు, అది న్యాయమే. ఇంకో అయిదేళ్లు. ఎండాకాలం సంగతి నేను అడక్కుండానే రాయించాడు.

మట్టి కప్పుకి ఏడాదికోసారి కొత్త పూత వెయ్యాలి. ఆ శుక్రవారం జగిత్యాలవాళ్లు ముగ్గురూ ఎక్కడున్నా వచ్చేస్తారు. ఈసారి మేస్త్రి వెంట అతని భార్య కూడా వచ్చింది. విజిట్ వీసా మీద మూడు నెలలకి తెచ్చుకున్నాడు. పెళ్లయి పద్నాలుగేళ్లు, అందులో అతను పని చేసే చోటు ఆమె చూడటం ఇదే మొదటిసారి. వస్తూనే సిగ్గుగా గుమ్మం పక్కన నిలబడింది. లోపలికి రమ్మని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను. గోడలు చూసింది, దూలాలు చూసింది. పలకరాళ్ల వరస మీద చెయ్యి రాసింది.

"ఫోన్ల చెప్తె గప్పాలు కొడ్తున్నడనుకున్న," అంది మెల్లగా నాతో. తర్వాత భర్త వైపు తిరిగింది. "నిజంగ ఇదంత నువ్వే కట్టినవా?"

మేస్త్రి చేతుల మట్టి దులుపుకుంటూ, "అందరం కట్టినం. అన్న మట్టి తొక్కిండు," అన్నాడు.

మా ఆయన నిచ్చెన పట్టుకుని, "పైకి తీసుకెళ్లి చూపించవయ్యా," అన్నారు.

ఇద్దరూ ఎక్కారు. ఆమె ముందు, అతను వెనక. నేను కింద అన్నానికి ఆకులు సర్దుతున్నాను. పైనుంచి అతని గొంతు వినిపిస్తోంది. ఏ దూలం ఎక్కడ పెట్టిందీ, షీటు ఎక్కడ దాచిందీ, నీళ్లు ఎటు పోయేదీ, ఒక్కొక్కటే ఆమెకి చెబుతున్నాడు. ఆమె ఊ కొడుతోంది. అన్నం చల్లారిపోతోందని పాప పిలవబోతే నేను వద్దన్నాను.